వెళ్లిపోయినవాళ్లకు గడి లేదు

నేను డాక్టర్ని కాను, స్టాటిస్టిక్స్ చదివినదాన్ని. ఘజియాబాద్ దాటాక హైవే పక్కనున్న ఒక ప్రైవేటు మెడికల్ కాలేజీలో, కమ్యూనిటీ మెడిసిన్ విభాగంలో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. పెద్ద డాక్టర్ల పరిశోధన పత్రాలకు లెక్కలు చేసిపెట్టడం నా అసలు ఉద్యోగం. ఎంబీబీఎస్ మొదటి సంవత్సరం పిల్లలకు పరిశోధన ఎలా చేయాలో, ఎవరో చేసిన పరిశోధనను నమ్మాలో వద్దో ఎలా తేల్చుకోవాలో నేర్పే క్లాసు ఒకటి టైంటేబుల్లోకి కొత్తగా వచ్చినప్పుడు మా విభాగంలో ఎవరూ దాన్ని తీసుకోవడానికి ముందుకు రాలేదు. మా హెచ్‌ఓడీ నన్ను పిలిచి, మీకు ఓపీ డ్యూటీ ఎలాగూ లేదు కదా, మీరే చూసుకోండి అన్నారు. అలా అది నా మెడకు పడింది.

గురువారం మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా క్లాసు. నూట యాభై మంది పిల్లలు. పొద్దుటంతా శవాల దగ్గర నిలబడి, మెస్‌లో రాజ్మా అన్నం తిని నేరుగా వచ్చేవారు. హాలంతా ఫార్మలిన్ వాసన. వెనక వరుసల్లో నిద్రపోయేవారు, మధ్య వరుసల్లో అనాటమీ రికార్డులు రాసుకునేవారు. ముందు వరుసలో నలుగురైదుగురు ఆడపిల్లలు మాత్రం నా ముఖంలోకి చూస్తూ కూర్చునేవారు. అది శ్రద్ధో, జాలో నాకు చాలా రోజులు అర్థం కాలేదు.

మొదటి నెలలో ఒకరోజు పేపర్లో వచ్చిన చిన్న వార్త చదివి వినిపించాను. పొద్దున్నే ఫలానా కషాయం తాగేవాళ్లకు షుగరు రాదట. దీన్ని మీరు నమ్ముతారా, నమ్మడానికి ముందు ఏమేం అడుగుతారు అని అడిగాను. చివరికి క్లాసు రిప్రజెంటేటివ్ లేచి చాలా మర్యాదగా అడిగాడు.

"ఆప్షన్లు ఏంటి, మేడమ్?"

ఎవరూ నవ్వలేదు. ఆ అబ్బాయి నన్ను ఆట పట్టించడం లేదు. నాలుగు జవాబులు ఇస్తే అందులో ఒకటి ఎంచుకుందామని నిజంగానే ఎదురుచూస్తున్నాడు.

మేం ఉండేది లక్ష్మీ నగర్‌లో. మా ఇంటి పైన రెండంతస్తులూ కోచింగ్ పిల్లల పేయింగ్ గెస్ట్ గదులే. మెట్లెక్కుతుంటే తలుపుల వెనక నుంచి పాఠాలు బట్టీ కొట్టే గొంతులు వినిపిస్తుంటాయి. నా విద్యార్థులూ అలాంటి గదుల్లోంచే వచ్చారని నాకు తెలుసు. నాలుగింటిలో ఒకటి గుర్తుపట్టడం కోసం రెండేళ్లో మూడేళ్లో ఖర్చుపెట్టి, పెళ్లిళ్లూ పండగలూ వదులుకుని ఇక్కడ దాకా వచ్చినవాళ్లు. ఇందులో వాళ్ల తప్పేమీ లేదని ఇంట్లో కూర్చుని అనుకోగలను. గురువారం రెండున్నరకు ఆ హాల్లో నిలబడ్డప్పుడు మాత్రం ఒళ్లు మండేది.

ఆ ముందు వరుసలో కూర్చునే పిల్లల్లో ఒకమ్మాయి నాకు ముందునుంచీ తెలుసు. మా తెలుగు క్రైస్తవ సంఘం పిల్ల. ఆదివారాలు ఒక స్కూలు హాలు అద్దెకు తీసుకుని మేం ఆరాధన జరుపుకుంటాం. వచ్చేవాళ్లలో సగం మంది ఒంగోలు, చీరాల, బాపట్ల వైపు నుంచి వచ్చిన నర్సులూ వాళ్ల కుటుంబాలే. ఆ అమ్మాయి తల్లి ఒక ప్రభుత్వాసుపత్రిలో నర్సు. ఇరవై ఏళ్లకు పైగా వార్డుల్లో నిలబడి కూతుర్ని డాక్టరు కోర్సులో చేర్పించింది. నన్ను అక్కా అని పిలుస్తుంది. కూతురు ఢిల్లీలోనే పుట్టింది. తెలుగు అంతా అర్థమవుతుంది కానీ జవాబు హిందీలో వస్తుంది. చర్చిలో నన్ను ఆంటీ అనేది, కాలేజీలో మేడమ్ అనేది. మా ఇద్దరి మధ్యా ఆ పద్ధతి ఎవరూ చెప్పకుండానే కుదిరింది.

రెండో నెలలో, పాఠాలు చెప్పి లాభం లేదు, చేయించాలి అనుకున్నాను. మా ఆసుపత్రి ఓపీలో రోగులు డాక్టరును చూడడానికి ఎంతసేపు కాచుకుంటున్నారో కనుక్కోవడం పని. పదేసి మందికి ఒక గుంపు, పదిహేను గుంపులు. ఒక్కొక్కరు పదిమంది రోగులతో మాట్లాడాలి. ఫారం నేనే తయారుచేశాను. ఒకే పేజీ, ఆరు గడులు. చీటీ తీసుకున్న వేళ, లోపలికి వెళ్లిన వేళ, మధ్య ఎన్ని నిమిషాలు, అలా. అడ్డదిడ్డంగా నింపుతారన్న భయంతో కింద లావు అక్షరాల్లో, ఏ గడీ ఖాళీగా వదలకూడదు అని రాశాను. ఆ ఫారం చూసుకుని కాస్త గర్వపడ్డాను కూడా. ఇంతకంటే తేలిగ్గా ఎవరు చేయగలరు అనిపించింది.

రెండు వారాల్లో ఫారాలన్నీ వచ్చేశాయి, చెప్పిన తేదీకి. మా విభాగంలో ఏ పనీ చెప్పిన తేదీకి అయిన దాఖలా లేదు కనుక నాకు అప్పుడే అనుమానం రావలసింది, రాలేదు. సంతోషంతో ఆ సాయంత్రమే, ఒక్కో గుంపు పైన వేసిచ్చిన మొత్తాలతోనే సగటు కట్టేశాను. అరగంట కంటే కాస్త తక్కువ వచ్చింది. హెచ్‌ఓడీకి మెయిలు కూడా పెట్టాను, పిల్లలు ఎంత బాగా చేశారో చూడండి అని. ఆయన వెంటనే జవాబిచ్చారు. వచ్చే నెల తనిఖీ బృందం వస్తోంది, దీన్ని పోస్టరుగా వేయిద్దాం అన్నారు.

తేదీలు నేను చూసింది ఆ తర్వాత. అయిదు గుంపుల ఫారాల మీద ఒకే తేదీ ఉంది. ఆ రోజు సెలవు, ఓపీ మూసి ఉంది. గేటు దగ్గర గార్డు తప్ప ఎవరూ లేని రోజున వందల మంది రోగులు వరుసలో నిలబడి మా పిల్లలకు జవాబులు చెప్పారు. ఇక మిగతావి కూడా తీసి చూశాను. నిమిషాలన్నీ అయిదులో, పదిలో ముగుస్తున్నాయి. ఒక్కో గుంపుకు ఒకే పెన్ను, ఒకే చేతిరాత, వందేసి పేజీలు. కొన్ని ఫారాల మీద టీ కప్పు మరక గుండ్రంగా పడి ఉంది. క్యాంటీన్లో కూర్చుని నింపారు.

ఆ గురువారం నేను అరిచాను. ఇన్నేళ్లలో ఏ క్లాసులోనూ అంత గట్టిగా మాట్లాడలేదు. రేపు రోగి బీపీ కూడా ఇలాగే రాస్తారా, చూడకుండానే అని అడిగాను. క్లాసు రిప్రజెంటేటివ్ లేచి సారీ చెప్పాడు. తర్వాత ఒక మాట అన్నాడు.

"కానీ మేడమ్, వెళ్లినా ఇంచుమించు ఇవే నంబర్లు వచ్చేవి కదా."

ఆ అబ్బాయి అన్నదాన్ని తప్పని చూపించడానికి నా దగ్గర ఒక్క నిజమైన అంకె కూడా లేదు. ఫారాలన్నీ రద్దు చేస్తున్నాను, మళ్లీ చేయండి అని చెప్పి హాలు దాటి వచ్చేశాను. ఇంకా గంటన్నర మిగిలే ఉంది. నా గదిలో ఫ్యాను కింద కూర్చుని, ఈ క్లాసు ఇంకెవరికైనా ఇచ్చేయండి అని హెచ్‌ఓడీకి మెయిలు రాసి, పంపకుండా తుడిపేశాను.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక టీ కప్పులు తీస్తుంటే ఆ నర్సు నా పక్కకొచ్చింది. కూతురు గురువారం నుంచి సరిగ్గా తినడం లేదని చెప్పింది. నేను కోప్పడింది అందరినీ కదా, దానికి ప్రత్యేకంగా ఏమైంది అని అడిగాను. అప్పుడు తెలిసింది. ఆ పిల్ల ఓపీకి వెళ్లిందట. మూడు రోజులు, అనాటమీ క్లాసుకు ముందూ వెనకా, బెంచీల దగ్గర కూర్చుని పదిమందితోనూ మాట్లాడిందట. ఆ కాగితాలు గుంపులో వాళ్లు పక్కన పడేశారట.

సోమవారం ఆ అమ్మాయి కాగితాలు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. బ్యాగులో నలిగిపోయి ఉన్నాయి. పదింటిలో ఆరు ఫారాలే పూర్తిగా నిండాయి. మిగతా నాలుగింటిలో లోపలికి వెళ్లిన వేళ దగ్గర గడి ఖాళీగా ఉంది. పక్కన మార్జిన్లో సన్నటి అక్షరాలతో, హిందీలో, ఏదో రాసి ఉంది. ఒకామె పసిబిడ్డ ఏడుస్తుంటే ఎత్తుకుని వెళ్లిపోయింది. ఒకాయన ఫ్యాక్టరీ షిఫ్టు టైమయిందని లేచి వెళ్లాడు. ఒకామె వంతు వచ్చేసరికి ఒంటిగంట దాటింది, డాక్టరు భోజనానికి వెళ్లాడు. నాలుగో ఆమె ఎందుకు వెళ్లిందో తెలియదు, కొంగు నోట్లో కుక్కుకుని వెళ్లిపోయింది అని మాత్రం ఉంది.

గుంపులో వాళ్లు ఎందుకు పడేశారు అని అడిగాను. ఏ గడీ ఖాళీగా వదలకూడదని మీరే రాశారు కదా మేడమ్, అందుకని అంది.

నా ఫారం తీసి చూసుకున్నాను. కాచుకుని కాచుకుని వెళ్లిపోయిన మనిషిని రాయడానికి అందులో చోటే లేదు. లోపలికి వెళ్లినవాళ్లను మాత్రమే లెక్కపెట్టి సగటు కడితే అది ఎప్పుడూ తక్కువే వస్తుంది. ఈ సంగతి నేను ఏటా పీజీ డాక్టర్లకు బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెబుతాను. పిల్లల్ని అబద్ధాలు రాశారని అరిచాను. ఆ నలుగురి గురించి నిజం రాయాలనుకున్న పిల్లకు నా ఫారమే అడ్డుపడింది.

అక్కడితో ఆగి ఆలోచించి ఉంటే బాగుండేది. నాకు సిగ్గుతోపాటు ఉత్సాహం కూడా వచ్చింది. రెండు నెలలుగా చెప్పాలని కొట్టుకుంటున్న పాఠం మొత్తం ఆ నలిగిన పది కాగితాల్లో ఉంది. గురువారం వాటిని ప్రొజెక్టరు మీద వేశాను. పేరు ఉన్న మూల మూసేశాను. ఒక్కొక్క మార్జినూ చదివి వినిపించాను. ఆ రోజు వెనక వరుసలు కూడా మేలుకుని విన్నాయి. నేను పొంగిపోయి, మీ నూట యాభై మందిలో ఒక్కరు నిజంగా వెళ్లారు అన్నాను.

పేరు మూస్తే ఏం లాభం, చేతిరాత గుంపులో పదిమందికీ తెలుసు. సాయంత్రానికల్లా అందరికీ తెలిసిపోయింది. క్లాసు వాట్సాప్ గ్రూపులోంచి ఆ అమ్మాయిని తీసేశారు. సీనియర్ల నోట్సు, పరీక్ష తేదీలు, ఏ రోజు ఏ బ్యాచ్ ల్యాబుకు వెళ్లాలి అన్నీ ఆ గ్రూపులోనే వస్తాయి. ఫిజియాలజీ ప్రాక్టికల్లో జోడీగా ఉండే పిల్ల వేరే బల్లకు మారిపోయింది. మేడమ్‌కి చెంచా అని వెనక నుంచి పిలిచేవారట. ఇవేవీ నాకు మూడు వారాల దాకా తెలియదు. చర్చిలో ఆ పిల్ల వెనక వరుసలో కూర్చోవడం మొదలుపెట్టింది. ఎదురుపడితే నమస్తే మేడమ్ అంటోంది. పరీక్షల బెంగ అనుకున్నాను.

చివరికి తల్లినే అడిగాను. ఆమె పాటల పుస్తకాలు సర్దుతూ ఉంది. నా వైపు తిరక్కుండానే చెప్పింది.

"మీరు మంచికే చేశారక్కా, నాకు తెలుసు. కానీ అది ఆ కాలేజీలో ఇంకా నాలుగేళ్లు ఉండాలి."

మర్నాడు ఆ అమ్మాయిని గదికి పిలిచాను. కూర్చోమన్నా కూర్చోలేదు, బ్యాగు పట్టీలు రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. నేను తెలుగులో మాట్లాడాను, తను హిందీలో జవాబిచ్చింది. కాగితాలు చూపించడం వల్ల ఇంత జరుగుతుందని ఊహించలేదు అన్నాను. ఆ పిల్ల తల వంచుకునే ఉంది.

"ఆప్నే పూఛా నహీ థా," అంది. మీరు నన్ను అడగలేదు అని.

మొదటి క్లాసులో మొదటి అరగంట నేను చెప్పిన పాఠం అదే. ఒకరి దగ్గర సంగతులు తీసుకుని వాడుకునే ముందు వాళ్లను అడగాలి, వాళ్లకు దానివల్ల ఏం ముప్పు వస్తుందో ముందే చెప్పాలి. స్లైడు కూడా చూపించాను. ఆ పిల్ల ముందు వరుసలో కూర్చుని రాసుకుంది. తప్పయింది అని చెప్పాను. సాకులేమీ చెప్పలేదు. అప్పుడు తలెత్తి చూసింది.

"మీరెప్పుడైనా అక్కడ కూర్చున్నారా, మేడమ్? ఆ బెంచీల మీద?"

ఆ ప్రశ్న హిందీలోనే అడిగింది. అందులో ఎత్తిపొడుపు లేదు. తెలుసుకోవాలని అడిగింది అంతే. లేదు అన్నాను. ఇన్నేళ్లుగా ఆ ఓపీ హాలు పక్కనుంచే లిఫ్టు దగ్గరకు వెళ్తున్నాను. ఒక్కసారి కూడా కూర్చోలేదు.

ఆ పై సోమవారం సెలవు పెట్టి వెళ్లి కూర్చున్నాను. ఎనిమిదికల్లా చీటీల కిటికీ దగ్గర వరుస గేటు దాకా వచ్చింది. లోనీ నుంచి, ఖోడా నుంచి, ఇంకా దూరం పల్లెల నుంచి వచ్చినవాళ్లు. నా పక్కన కూర్చున్నామె మోకాలి నొప్పితో అంతకు ముందు రెండుసార్లు వచ్చి చూపించుకోకుండానే వెళ్లిపోయిందట. ఇంటికి వెళ్లి వంట చేయకపోతే కోడలికి డ్యూటీకి వెళ్లడం కుదరదట. డాక్టరు గది తలుపు మీద పదిన్నర దాకా తాళం ఉంది. రౌండ్లలో ఉన్నారు అని అటెండరు ఒకసారి చెప్పి మాయమయ్యాడు. ఒంటిగంటకు ఓపీ ఆగిపోతుందన్న మాట ఎక్కడా రాసి లేదు. పన్నెండు ముప్పావుకు నా పక్కనామె లేచింది. ఇంకా నలుగురే ఉన్నారు, కూర్చోండి అని బతిమాలాను. ఆమె నవ్వి, నువ్వు చూపించుకో బేటీ అని తన చీటీ నాకిచ్చి వెళ్లిపోయింది. నా వయసు నలభై ఎనిమిది. నన్ను కూడా రోగి అనుకుంది.

అక్కడి నుంచి నేరుగా హెచ్‌ఓడీ గదికి వెళ్లాను. పోస్టరు అప్పటికే అచ్చయి వచ్చింది. నిగనిగలాడే కాగితం మీద నీలం రంగు గడియారం బొమ్మ, పెద్ద అక్షరాల్లో నా సగటు, కింద నా పేరు. ఇది తప్పుడు లెక్క అని చెప్పాను. పిల్లలు కల్పించారని, నా ఫారం కూడా తప్పేనని, రాతపూర్వకంగా ఇస్తానని చెప్పాను. ఆయన చెడ్డమనిషి కాదు. విని, కుర్చీలో వెనక్కి వాలి, చాలా ఓపిగ్గా నాకు నచ్చజెప్పారు. ఇది రీసెర్చ్ కాదు మేడమ్, డిస్‌ప్లే అన్నారు. తనిఖీకి వచ్చేవాళ్లు గోడ మీద ఏదో ఒకటి ఉందా అని చూస్తారు, ఏముందో ఎవరు చదువుతారు అన్నారు. నేను లెటరు రాసిచ్చాను. ఆయన తీసుకుని సొరుగులో పెట్టుకున్నారు. నా పేరైనా తీసేయమని అడిగితే మర్నాడు దాని మీద తెల్ల స్టిక్కరు అంటించారు. తనిఖీ రోజు ఎవరో దాని ముందు నిలబడి ఫోటో కూడా తీసుకున్నారట. నేను ఆ రోజు కారిడార్లోకి వెళ్లలేదు. పోస్టరు ఇంకో అయిదు నెలలు ఆ గోడ మీదే ఉంది. గోడలకు సున్నం వేసేవాళ్లు వచ్చినప్పుడు తీశారు.

ఈ మధ్యలో ఫారం మార్చాను. లావు అక్షరాల వాక్యం తీసేశాను. వెళ్లిపోయారా, ఎప్పుడు, ఎందుకు అన్న మూడు గడులు చేర్చి, కింద సగం పేజీ ఖాళీగా వదిలాను. పిల్లల్ని వాళ్ల మానాన వదలకుండా గుంపు తర్వాత గుంపుగా నేనే తీసుకెళ్లాలనుకున్నాను. అనాటమీ వాళ్లను ఒక గంట అడిగితే ససేమిరా అన్నారు. దాంతో శనివారాలు తీసుకున్నాను. శనివారం ఇంటికి వెళ్లే పిల్లలు నన్ను తిట్టుకున్నారు. మా ఇంట్లో కూడా తిట్టారు. పదిహేను గుంపులకు పదిహేను శనివారాలు పట్టేలా ఉంటే, రెండేసి గుంపుల్ని కలిపాను.

క్లాసు రిప్రజెంటేటివ్ ఉన్న గుంపు నాలుగో శనివారం వచ్చింది. వాడు ఒక పెద్దాయన పక్కన కూర్చుని చాలాసేపు మాట్లాడుతున్నాడు. ముఖర్జీ నగర్‌లో వాళ్ల అన్న ఏదో పరీక్షకు చదువుతున్నాడని, ఆ పెద్దాయన మనవడు కూడా అక్కడే ఉన్నాడని, మాటలు కలిశాయి. పదకొండున్నరకు పెద్దాయన లేచాడు. అబ్బాయి నా దగ్గరకు పరుగెత్తుకొచ్చాడు.

"వెళ్లిపోతున్నారు, మేడమ్. ఇప్పుడేం రాయను?"

"వెళ్లిపోయాడని రాయి. ఎందుకో అడిగావా?"

లేదన్నాడు. ఒక్క క్షణం నిలబడి, ఫారం చేత్తో పట్టుకుని గేటు వైపు పరుగెత్తాడు. అద్దాల తలుపుల్లోంచి చూశాను. షేర్ ఆటో ఎక్కబోతున్న ఆయన్ను ఆపి ఏదో అడిగాడు, ఆయన ఆటో కమ్మీ పట్టుకునే జవాబు చెప్పాడు. ఆటో కదిలిపోయాక కూడా అబ్బాయి ఎండలో నిలబడి ఫారం మోకాలికి ఆనించి రాస్తున్నాడు. తిరిగొచ్చాక అది నాకు చూపించలేదు, నేనూ అడగలేదు. మిగతా ఫారాలతోపాటు ఇచ్చాడు. పెద్దాయన పొద్దున్నుంచి ఏమీ తినలేదట, రక్తపరీక్ష ఉంటుందేమోనని. కళ్లు తిరుగుతున్నాయట.

ఆ అమ్మాయిని ఏ శనివారమూ రమ్మనలేదు. తన పది ఫారాలను కొత్త లెక్కలో కలపడానికి అనుమతి అడిగాను. రెండు రోజులు ఆలోచించుకుని సరే అంది, పేరు వద్దంది. వేసవిలో సెలవుల ముందు క్లాసు గ్రూపులో తనను మళ్లీ చేర్చారని తల్లి చెప్పింది. ఎవరు చేర్చారో, ఎందుకో, తనకూ తెలియదట. ఎవరూ సారీ మాత్రం చెప్పలేదు. ఫిజియాలజీ ప్రాక్టికల్లో ఆ సంవత్సరమంతా ఒంటరిగానే చేసింది.

కొత్త లెక్కను విభాగం సెమినార్లో చెప్పాను. తొమ్మిది మంది వచ్చారు, అందులో ఇద్దరు సమోసాల కోసం. చూపించుకోకుండా వెళ్లిపోయినవాళ్లను కూడా కలిపితే ఆ పాత సగటుకు అర్థమే లేదని చెప్పాను. ఆసుపత్రి సూపరింటెండెంటు చివర్లో వచ్చి, నిలబడే విని, ఏం చేయమంటారు అని ఒకటే అడిగారు. ఒంటిగంటకు ఓపీ మూస్తారని, రక్తపరీక్ష ఉంటే తప్ప తినే రావచ్చని, చీటీల కిటికీ దగ్గర హిందీలో ఒక బోర్డు పెట్టించమన్నాను. పెట్టించారు. డాక్టర్లు పదిన్నరకు రావడం గురించి కూడా చెప్పాను. దానికి ఆయన తల ఊపి వెళ్లిపోయారు. ఇప్పటికీ పదిన్నరకే వస్తారు.

ఆ అమ్మాయి ఇప్పుడు మూడో సంవత్సరంలో ఉంది. బాగా చదువుతోంది. కిందటేడు కొత్త బ్యాచ్‌కు ఒక పది నిమిషాలు వచ్చి ఆ మార్జిన్ల సంగతి చెబుతావా అని అడిగాను. వద్దు మేడమ్ అంది, చర్చి మెట్ల మీద. ముందే అడిగాను కదా అన్న ఊరట ఒక్కటే మిగిలింది నాకు. ఆ పిల్ల నన్ను ఆంటీ అనడం మానేసి రెండేళ్లు దాటింది. తల్లి మాత్రం మళ్లీ మామూలుగా మాట్లాడుతోంది. క్రిస్మస్‌కు గారెలు పంపింది.

క్లాసు ఇంకా నా దగ్గరే ఉంది, అదే గురువారం, అదే రెండింటికి. నిద్రపోయేవాళ్లు నిద్రపోతూనే ఉన్నారు. ఈ ఏడు మొదటి రోజునే స్లైడ్లు పక్కన పెట్టి పిల్లల్ని ఓపీ బెంచీల మీద కూర్చోబెట్టాను. కొందరికి అది బాగా పట్టింది. ఒకమ్మాయి నా కొత్త ఫారంలో కూడా తప్పు పట్టుకుంది. చదువు రాని రోగి తరఫున పక్కవాళ్లు జవాబు చెబితే అది ఎవరి జవాబుగా రాయాలో అందులో లేదు. నిజమే. సరిచేశాను.

పోయిన వారం ఫారాలు వచ్చాయి. పదకొండు మంది క్యాంటీన్లో కూర్చుని నింపారని తేలింది. ఈసారి అరవలేదు. క్లాసు ముందు పేర్లు చదవలేదు. ఒక్కొక్కరినే గదికి పిలిచి, శనివారం ఎనిమిదింటికి నాతోపాటు ఓపీలో కూర్చోవాలి అని చెప్పాను. తొమ్మిది మంది వచ్చారు. కళ్లు నులుముకుంటూ, విసుక్కుంటూ, ఒంటిగంట దాకా కూర్చున్నారు. రాని ఇద్దరిలో ఒకరి తండ్రి డీన్‌కు ఫోన్ చేశారట. మా అబ్బాయి డాక్టరు కావడానికి వచ్చాడు, వరుసలో మనుషుల్ని లెక్కపెట్టడానికి కాదు అన్నారట. రేపు పదకొండింటికి డీన్ గారు నన్ను రమ్మన్నారు. ఆ ఇద్దరి ఫారాలూ కవర్లో పెట్టుకున్నాను. ఇద్దరివీ కలిపి ఇరవై మంది రోగులు సరిగ్గా ఇరవై నిమిషాల చొప్పున కాచుకున్నారు, ఒక్కరూ వెళ్లిపోలేదు. అది ఆయనకు చూపిస్తాను. ఆయన ఏమంటారో తెలియదు.